డిస్కునకు ఎన్ని పేర్లు?

కోస్గి పట్టణములోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు ఉన్నాడనుకొందము. హాజరు పట్టికలో అతని సంఖ్య 14. తరగతి గదిలో అతడు కూర్చుండునది కిటికీ ప్రక్కనున్న రెండవ బల్ల. పాఠశాల అడ్మిషను రిజిస్టరులో అతని సంఖ్య 2317. ఈ మూడును ఒక్క బాలుని గురించియే చెప్పుచున్నవి. కాని మూడింటి స్వభావము ఒకటి కాదు. పట్టికలో అతనికి ముందున్న వాడొకడు టి.సి. తీసికొని వెళ్లినచో మరుసటి ఏడు ఇతని హాజరు సంఖ్య 13 కావచ్చును. ఉపాధ్యాయుడు స్థలము మార్చినచో రెండవ బల్లకు బదులు నాలుగవ బల్ల అగును. అడ్మిషను సంఖ్య మాత్రము అతడు ఆ పాఠశాలలో ఉన్నంత కాలము మారదు. అతడు వెళ్లిపోయిన తరువాత కూడ దానిని మరియొకరికి ఇయ్యరు.

కంప్యూటరులోని డిస్కులకును ఇట్టి మూడు విధములైన గుర్తులు కలవు. ఒకటి వరుసను బట్టి వచ్చినది, రెండవది స్థానమును బట్టి వచ్చినది, మూడవది డిస్కుతోనే పుట్టినది. కంప్యూటరును నడపించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. డిస్కులను, అవి అమర్చబడిన పెట్టెలను అది ఎట్లు గుర్తించునో తెలిసికొనుట కేవలము కుతూహలము కొరకు కాదు. ఒక గుర్తునకు బదులు మరియొక గుర్తును నమ్మినచో, ఏండ్ల తరబడి కూడబెట్టిన సమాచారము నిమిషములో పోవచ్చును.

పోయినచో తిరిగి రానిది

కోస్గి వలెనే పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన మరియొక పట్టణము షాద్‌నగర్. ఇప్పుడది రంగారెడ్డి జిల్లాలోనిది. దాని సమీపమున జాతీయ దూరసంవేదన కేంద్రము వారి భూస్థావరము కలదు. ఉపగ్రహములు పంపు భూమి చిత్రములను 1979 నుండి అచ్చట అందుకొనుచున్నారు. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము కక్ష్యలో ప్రవేశించినది. భారతీయ దూరసంవేదన ఉపగ్రహముల శ్రేణిలో అది మొదటిది. 904 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, 22 దినములకు ఒకసారి అది ప్రతి ప్రదేశము మీదికి తిరిగి వచ్చెడిది.

ఆ ఉపగ్రహములోని ఒక కెమెరా ఒకే పర్యాయము 148 కిలోమీటర్ల వెడల్పు గల నేలను చూచెడిది. అందు ఒక్కొక్క బిందువు నేల మీద 72.5 మీటర్ల చతురస్రమునకు సరిపోవును. 148 కిలోమీటర్లను 72.5 మీటర్లతో భాగించినచో సుమారు 2,041 బిందువులు వచ్చును. అంతే పొడవు గల చిత్రములో బిందువులు దాదాపు 41 లక్షల 66 వేలు. నాలుగు వర్ణపట్టీలలో చిత్రము తీయబడును గనుక బిందువునకు ఒక అక్షరము పట్టు చోటు చొప్పున లెక్కించినను ఒక కోటి 66 లక్షల అక్షరముల చోటు కావలెను.

1956 సెప్టెంబరులో ఐ.బి.యం. వారు ప్రకటించిన రామాక్ యంత్రములోని డిస్కు పరికరమే ఈ జాతి పరికరములలో మొదటిది. అందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అది దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. అనగా పైన చెప్పిన ఒక్క చిత్రము అట్టి మూడు పరికరములలో కూడ పట్టదు. నేడు ఒక చేతిలో పట్టుకొనదగిన డిస్కు 20 లక్షల కోట్ల బైట్లను దాచగలదు. బైటు అనగా ఒక అక్షరము పట్టు చోటని భావింపవచ్చును. అట్టి డిస్కులో ఆ చిత్రములు సుమారు 12 లక్షలు పట్టును.

అయినను ఒక డిస్కు చాలదు. సంవత్సరములు గడచిన కొలది చిత్రములు పెరుగును, కెమెరాలు సూక్ష్మమగును. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. 1988లో పాలమూరు ప్రాంతపు ఏ చెరువు ఎంత నిండినదో, ఏ నేల బీడు పడియుండెనో చూపు చిత్రమును నేడు తిరిగి తీయుట ఎవరి తరమును కాదు. డిస్కు పోయినచో మరియొకటి కొనవచ్చును. ఆ సంవత్సరమును కొనలేము. అందుచేత పెద్ద సమాచార కేంద్రములలో అనేక డిస్కులను ఒక పెట్టెలో అమర్చి, ఒకటి చెడినను మిగిలినవి సమాచారమును కాపాడునట్లు ఏర్పాటు చేయుదురు. ఇంకొక ప్రతిని వేరుగా టేపుల మీదనో మరియొక చోటనో భద్రపరుతురు.

ఆపరేటింగ్ సిస్టమ్ కంటికి డిస్కు

డిస్కు లోపల పళ్లెము తిరుగుచున్నను, పళ్లెము లేక చిప్పులు మాత్రమే ఉన్నను, ఆపరేటింగ్ సిస్టమ్ దానిని ఒకే విధముగ చూచును. దాని దృష్టిలో డిస్కు అనగా వరుసగా సంఖ్యలు వేసిన గళ్ల బారు. మొదటి గడి సంఖ్య 0. తరువాత 1, 2, 3 అని కడవరకు సాగును. గడికి 512 బైట్లు పట్టుట పాత పద్ధతి. 4,096 బైట్లు పట్టుట కొత్త పద్ధతి. “ఇన్నవ గడిలోనిది చదువుము”, “ఇన్నవ గడిలో ఇది వ్రాయుము” అను రెండు ఆజ్ఞలే ముఖ్యమైనవి. ఆ గడి ఏ పళ్లెము మీద ఏ మూల ఉన్నదో డిస్కు తానే చూచుకొనును.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మింపసాగిరి. పరికరమును కూడ ఒక ఫైలు వలె చూపవలెనన్నది వారి ముఖ్య భావములలో ఒకటి. కథ వ్రాసిన ఫైలును ఎట్లు తెరచి చదువుదురో, డిస్కును కూడ అట్లే తెరచి చదువవచ్చును. అట్టి పరికరముల ఫైళ్లన్నియు “డెవ్” అను ఫోల్డరులో ఉండును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కూడ ఈ పద్ధతినే అనుసరించినది. నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటి అడుగునను ఉన్నది లినక్సే కాబట్టి, ఈ ఏర్పాటు కోస్గి సంతలో కూరలు అమ్మువారి చేతిలోని ఫోనులో కూడ పనిచేయుచున్నది.

వరుసను బట్టి వచ్చిన పేరు

లినక్స్‌లో సాధారణముగా మొదట కనబడిన డిస్కునకు ఎస్‌డి-ఎ, తరువాతి దానికి ఎస్‌డి-బి, ఆ తరువాతి దానికి ఎస్‌డి-సి అని పేర్లు వచ్చును. ఇంగ్లీషు అక్షరములు 26 అయిపోయిన తరువాత ఎస్‌డి-ఎఎ, ఎస్‌డి-ఎబి అని సాగును. డిస్కును భాగములుగా చేసినచో పేరు చివర 1, 2 అను అంకెలు చేరును.

ఈ పేర్లు మనుష్యుల సౌకర్యము కొరకు. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ వాడునవి రెండు సంఖ్యలు. మొదటిది పరికరపు జాతిని తెలుపు ప్రధాన సంఖ్య. ఈ డిస్కులకు అది 8. రెండవది జాతిలో వ్యక్తిని తెలుపు ఉపసంఖ్య. ఒక్కొక్క డిస్కునకు 16 ఉపసంఖ్యలు కేటాయింపబడినవి. ఎస్‌డి-ఎ కు 0 నుండి 15 వరకు, ఎస్‌డి-బి కి 16 నుండి 31 వరకు, ఎస్‌డి-సి కి 32 నుండి 47 వరకు. ప్రతి గుంపులోను మొదటి సంఖ్య డిస్కు మొత్తమునకు చెల్లును; మిగిలిన పదునైదును దాని భాగములకు. కావున ఎస్‌డి-సి డిస్కులో రెండవ భాగము ఉపసంఖ్య 34. ప్రధాన సంఖ్య 8 క్రింద 256 ఉపసంఖ్యలు 16 డిస్కులకు సరిపోవును. అంతకు మించినచో వేరు ప్రధాన సంఖ్యలు కలవు.

ఈ పేరులో ఒక లోపము కలదు. డిస్కులు కనబడిన వరుసను అది చెప్పును. డిస్కు ఎవరో చెప్పదు. అది హాజరు పట్టికలోని సంఖ్య వంటిది. కంప్యూటరును ఆపి తిరిగి నడపినప్పుడు వరుస మారినచో పేరు మారును.

పొరపాటు జరుగు విధము

నాలుగు అరలు గల డిస్కుల పెట్టె ఒకటి కంప్యూటరునకు కలుపబడినదనుకొందము. ఇట్టి పెట్టెను ఎన్‌క్లోజరు అందురు. కంప్యూటరు లోపలి డిస్కు ఎస్‌డి-ఎ. పెట్టెలోని 1, 2, 3, 4 అరలలోనివి వరుసగా ఎస్‌డి-బి, సి, డి, ఇ. ఈ నాలుగును కలసి ఒక కూటమి. డిస్కుల కూటములను గురించి 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. రెయిడ్ అను పేరు అందుండి ప్రచారములోనికి వచ్చినది.

కూటమి సూత్రము సులభమైనది. మూడు డిస్కులలో ఒకే చోట 1, 0, 1 అను అంకెలున్నవనుకొందము. నాలుగవ దానిలో, మొత్తము సరిసంఖ్య అగునట్లు, 0 వ్రాయుదురు. రెండవ డిస్కు చెడినచో మిగిలినవి 1, 1, 0. మొత్తము ఇప్పటికే సరిసంఖ్య గనుక పోయినది 0 అని తెలియును. ఒక్కటి పోయినచో దానిని ఇట్లు కనుగొనవచ్చును. రెండు పోయినచో ఒక సమీకరణముతో రెండు అవ్యక్తములను సాధింపబూనినట్లగును, అది అసాధ్యము.

ఇప్పుడు రెండవ అరలోని డిస్కు చెడినది. కంప్యూటరు “ఎస్‌డి-సి చెడినది” అని తెలిపెను. అక్కడి ఉద్యోగి దానిని కాగితము మీద వ్రాసికొనెను. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చినది, కంప్యూటరు తిరిగి మొదలైనది. చెడిన డిస్కు పలుకలేదు. కావున మొదటి అరలోనిది ఎస్‌డి-బి, మూడవ అరలోనిది ఎస్‌డి-సి, నాలుగవ అరలోనిది ఎస్‌డి-డి అయినవి. ఉదయము వచ్చిన మరియొక ఉద్యోగి కాగితము చూచి, ఎస్‌డి-సి ఏ అరలో ఉన్నదో వెదకి, మూడవ అరలోని మంచి డిస్కును ఊడదీసెను. పోయినవి రెండైనవి. కూటమి ఆగిపోయెను. పొరపాటును వెంటనే గ్రహించి ఆ డిస్కును ఉన్నచోటనే పెట్టినచో నిపుణులు కొన్నిసార్లు బాగుచేయగలరు. అది చెడినదే యని భావించి తుడిచివేసినచో ఇక దారి లేదు. కాగితము అబద్ధము చెప్పలేదు, కంప్యూటరును చెప్పలేదు. నిన్నటి పేరును నేటి డిస్కునకు అన్వయించుటయే తప్పు.

స్థానమును బట్టి వచ్చిన పేరు

డిస్కు ఎచ్చట కలుపబడినదో చెప్పు పేరు రెండవది. ఏ నియంత్రకము, ఏ మార్గము, ఏ గమ్యము, అందు ఎన్నవ విభాగము అను నాలుగు సంఖ్యలను లినక్స్ ఒక వరుసలో చూపును. డెవ్ ఫోల్డరులో “డిస్క్” అను ఫోల్డరు, అందులో “బై-పాత్” అను మరియొక ఫోల్డరు ఉండును. అచ్చట ప్రతి డిస్కునకు అది కలుపబడిన మార్గమే పేరు. రెండవ బల్ల మీద ఎవరు కూర్చున్నను అది రెండవ బల్లయే అయినట్లు, ఒక మార్గమున పాత డిస్కును తీసి కొత్తది పెట్టినను ఆ పేరు నిలుచును.

అయితే స్థానపు పేరును శాశ్వతము కాదు. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు కోస్గి మండలము మహబూబ్‌నగర్ జిల్లా నుండి అందు చేరినది. ఊరు అంగుళమైనను కదలలేదు, చిరునామా మారినది. అట్లే పెట్టె తీగను ఒక నియంత్రకము నుండి తీసి మరియొక దానికి కలిపినచో, లోపలి డిస్కులు కదలకున్నను వాటి మార్గపు పేర్లన్నియు మారును.

డిస్కుతో పుట్టిన పేరు

మూడవది డిస్కునకు ఉత్పత్తిదారు ఇచ్చు సంఖ్య. పెట్టెలలో వాడు డిస్కులకు ప్రపంచమంతట ఒకేసారి వాడబడు నామము ఒకటి ఉండును. దానిని వరల్డ్ వైడ్ నేమ్ అందురు. సామాన్యముగా ఇది 64 బిట్లు, అనగా పదునారు ఆధారముగా గల లెక్కలో 16 అంకెలు. మొదటి అంకె నామపు రకమును తెలుపును. సాధారణముగా అది 5. తరువాతి ఆరు అంకెలు ఉత్పత్తిదారును తెలుపును, వాటిని ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ సంస్థ కేటాయించును. మిగిలిన తొమ్మిది అంకెలు ఉత్పత్తిదారు ఇచ్చుకొనునవి. పదునారును తొమ్మిదిసార్లు హెచ్చించినచో సుమారు 6,872 కోట్లు వచ్చును. ఒక ఉత్పత్తిదారు సంఖ్య క్రింద అన్ని నామములు సాధ్యము. ఈ పేర్లు “బై-ఐడి” అను ఫోల్డరులో కనబడును. డిస్కు మీది చీటీలో కూడ తరచు ఇది అచ్చువేయబడి ఉండును.

దీనితో పొరపడదగినది మరియొకటి కలదు. డిస్కును ఫార్మాటు చేసినప్పుడు అందలి ఫైళ్ల వ్యవస్థకు యు.యు.ఐ.డి. అను సంఖ్య ఇయ్యబడును. లినక్స్ సొంత ఫైళ్ల వ్యవస్థలలో అది 128 బిట్లు. ఇది డిస్కునకు చెందినది కాదు, డిస్కు మీద వ్రాసిన వ్రాతకు చెందినది. తిరిగి ఫార్మాటు చేసినచో అది మారును. డిస్కును గడి గడికి నకలు తీసినచో రెండింటికి ఒకే యు.యు.ఐ.డి. ఉండును. నోటు పుస్తకములోని ప్రతి పుటను ఎత్తి వ్రాసినవాడు మొదటి పుట మీది పేరును కూడ ఎత్తి వ్రాసినట్లే ఇది.

పెట్టె కూడ ఒక పరికరమే

డిస్కు ఎవరో తెలిసినది. అది ఏ అరలో ఉన్నది? మంచి పెట్టెలో దీనికి జవాబు చెప్పగల చిన్న ప్రాసెసరు ఉండును. దానితో సంభాషించుటకు ఏర్పడిన భాషకు స్కజీ ఎన్‌క్లోజర్ సర్వీసెస్, క్లుప్తముగా ఎస్.ఇ.ఎస్., అని పేరు. ఆపరేటింగ్ సిస్టమ్ “నీవు ఎవరు?” అని ప్రతి పరికరమును ప్రశ్నించినప్పుడు డిస్కు తన జాతి 0 అనియు, టేపు పరికరము 1 అనియు చెప్పును. పెట్టె 13 అని చెప్పును. కావున డిస్కుల పెట్టె కేవలము రేకు డబ్బా కాక, తానును పట్టికకు ఎక్కిన ఒక పరికరము అగును.

పెట్టె తనలోని అరలను, ఫ్యానులను, కరెంటు సరఫరా యూనిట్లను, ఉష్ణమాపకములను వేరు వేరు అంగములుగా తెలుపును. ప్రతి అంగపు స్థితికి ఒక సంకేతము కలదు: 1 అనగా సరిగానున్నది, 2 అనగా ప్రమాద స్థితి, 5 అనగా అమర్చబడలేదు. ఉష్ణోగ్రతను చెప్పు విధము విద్యార్థులకు ఆసక్తి కలిగించును. అసలు డిగ్రీలకు 20 కలిపి ఒక్క బైటులో పంపును. పెట్టె 52 అని పంపినచో లోపలి వేడి 32 డిగ్రీల సెల్సియస్. ఇట్లు చేయుటచే ఋణగుర్తు లేకయే -19 నుండి 235 డిగ్రీల వరకు చెప్పవచ్చును.

లినక్స్‌లో 2008 నుండి ఈ పెట్టెలకు ప్రత్యేక స్థానము కలదు. కెర్నెలు తనకు తెలిసిన పరికరములన్నిటిని “సిస్” అను ఫోల్డరు క్రింద చూపును. అందు “క్లాస్”, దాని క్రింద “ఎన్‌క్లోజర్”, దాని క్రింద ఒక్కొక్క పెట్టె, పెట్టె క్రింద ఒక్కొక్క అర ఫోల్డర్లుగా ఉండును. అర ఫోల్డరులో “స్టేటస్”, “ఫాల్ట్”, “లొకేట్” అను చిన్న ఫైళ్లును, “డివైస్” అను లంకెయు ఉండును. ఆ లంకె అరను దానిలోని డిస్కుతో ముడివేయును. అరలలోని డిస్కుల చిరునామాలను పెట్టె పంపిన పట్టికతో సరిచూచి కెర్నెలు ఈ లంకెను ఏర్పరచును.

మూడు గుర్తులును కలియు చోటు ఇదియే. చెడిన డిస్కును తీయవలసినవాడు మొదట దాని శాశ్వత నామమును వ్రాసికొనవలెను. ఎస్‌డి పేరును కాదు. ఆ నామము గల డిస్కు ఏ అరకు లంకె వేయబడియున్నదో చూడవలెను. డిస్కు పూర్తిగా మూగబోయినచో లంకె ఉండదు. అప్పుడు డిస్కులు బాగుగ ఉన్న దినములలోనే వ్రాసి ఉంచిన నామముల, అరల పట్టిక ఆదుకొనును. పిమ్మట ఆ అర ఫోల్డరులోని “లొకేట్” ఫైలులో 1 అని వ్రాయవలెను. పెట్టె ముఖము మీద ఆ అర దీపము వెలుగును. ఫైలులో ఒక అంకె వ్రాయుట, గదిలో ఒక దీపము వెలుగుట, రెండును ఒకే పని! దీపము చూచి డిస్కును తీసి, చీటీ మీది సంఖ్యను కాగితముతో సరిచూచిన పిమ్మటనే తరువాతి పని చేయవలెను.

అన్ని పెట్టెలకును ఈ శక్తి లేదు. యు.ఎస్.బి. తీగతో కలుపు చవుక పెట్టెలలో ఇట్టి ప్రాసెసరు సాధారణముగా ఉండదు. అట్టిచోట అర మీద డిస్కు సంఖ్యను వ్రాసి చీటీ అంటించుటయే శరణ్యము.

తరగతిలో చేసి చూపదగినది

వరుస పేరునకును శాశ్వత గుర్తునకును గల భేదమును లినక్స్ ఉన్న ఏ కంప్యూటరు మీదనైనను, రెండు పెన్ డ్రైవులతో చూపవచ్చును. మొదటి పెన్ డ్రైవును పెట్టి, కొంచెము ఆగి, రెండవ దానిని పెట్టవలెను. “ఎల్-ఎస్-బి-ఎల్-కె” అను ఆజ్ఞకు “-ఎఫ్” చేర్చి ఇచ్చినచో డిస్కుల పేర్లు, వాటి యు.యు.ఐ.డి.లు ఒక పట్టికగా కనబడును. సాధారణమైన పెన్ డ్రైవుకు ఇది ఎనిమిది అంకెల చిన్న సంఖ్య. పట్టికను వ్రాసికొని, రెండింటిని నియమముగా ఎజెక్టు చేసి, ఈసారి రెండవ దానిని ముందు పెట్టవలెను. ఎస్‌డి పేర్లు తారుమారగును, యు.యు.ఐ.డి.లు ఉన్నట్లే ఉండును. ఈ ప్రయోగములో పట్టికను చదువుట తప్ప వేరు ఆజ్ఞ ఏదియు ఇయ్యరాదు. ఫార్మాటు చేయు ఆజ్ఞను ఇచ్చినచో, పేరు తప్పు అయినను కంప్యూటరు చెప్పిన డిస్కునే తుడిచివేయును.

పిమ్మట ఉపాధ్యాయుడు విద్యార్థులను వారి హాజరు సంఖ్య, బల్ల స్థానము, అడ్మిషను సంఖ్య వ్రాయమని, ఒక ఏడు గడచిన తరువాత ఇందు ఏవి నిలుచునో అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పిన విద్యార్థి, రేపు షాద్‌నగర్ వంటి కేంద్రములో డిస్కుల పెట్టె ముందు నిలువవలసి వచ్చినప్పుడు, ఏ డిస్కు మీద చేయి వేయవలెనో తెలిసినవాడగును.